మరమ్మత్తు చాలు, మార్పు వద్దు

పోయిన వారం పెద్దతిప్పసముద్రం నుంచి మా తమ్ముడు ఫోను చేశాడు. వాడు ఫోను చేశాడంటే వానలు, మదనపల్లె మార్కెట్టులో టమోటా ధర, ఎవరింట పెళ్ళి — ఈ మూడు విషయాలతో సరి. ఈసారి మాత్రం కుశలప్రశ్నలు కూడా లేకుండా, "అన్నా, అంగట్లో కంప్యూటరుకు రిటైరుమెంటు వచ్చిందంట. తెరమీద రోజూ చూపిస్తా వుంది. ఇంగ దాన్ని తీసేయాల్నా?" అన్నాడు.

"నేను రిటైరై పన్నెండేళ్ళయింది. నన్నెవరైనా తీసేశారా?" అన్నాను.

వాడు నవ్వలేదు. నవ్వకపోవటానికి కారణం వుంది. ఆ కారణమే ఈ వారం మీకు మనవి చేయబోతున్నాను. కంప్యూటర్ల గొడవ మనకెందుకని పేజీ తిప్పేయకండి. మీ యింట్లో కంప్యూటరు లేకపోవచ్చు. ఫోను వుంది కదా. దానికీ ఇదే కథ.

మా తమ్ముడికి వూళ్ళో బస్టాండు దగ్గర చిన్న అంగడి వుంది. జెరాక్సు కాగితాలు, పాస్‌పోర్టు సైజు ఫొటోలు, శుభలేఖలు, పింఛను దరఖాస్తులు, పాత ఫొటోలను పెద్దవి చేసి పటం కట్టించటం — ఇవీ వాడి వ్యాపారాలు. మూడు కంప్యూటర్లు, మూడింటినీ కలుపుతూ తీగలు. వాటిలో పనిచేసేది విండోస్ 7. దాన్ని ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. ఇంటికి యజమానురాలు ఎటువంటిదో కంప్యూటరుకు అది అటువంటిది. వచ్చినవాళ్ళను కూర్చోబెట్టేది, ఎవరికేది అందించాలో చూసేది, తాళంచెవులు దగ్గర పెట్టుకొనేది అదే.

2016వ సంవత్సరం మాఘమాసం. ముహూర్తాల రోజులు. తెరమీద ఒక పిలుపు వచ్చింది: విండోస్ 10 ఉచితంగా ఇస్తాము, పుచ్చుకుంటారా అని. 2015 జూలై 29 నుంచి ఏడాదిపాటు ఆ కంపెనీవారు అలా ఉచితంగా ఇచ్చిన మాట నిజమే. ఉచితం అనేసరికి మా వాడు ముందూ వెనుకా చూడకుండా 'ఊ' కొట్టాడు. పొద్దున లేచి చూసేసరికి రంగులు మారాయి, బొమ్మలు మారాయి. అంతవరకూ బాగానే వుంది. కాని శుభలేఖ తెరిచేసరికి, 'చి.ల.సౌ.' తరువాత పెళ్ళికూతురి పేరుండవలసిన చోట గళ్ళూ చుక్కలూ కనిపించాయి! వాడు వాడే తెలుగు అక్షరాల సాఫ్ట్‌వేర్ ఏనాటిదో. పాత యింట్లో హాయిగా కాపురం చేసినది కొత్త యింట్లో ఇమడలేకపోయింది. పెళ్ళికూతురి తండ్రి ఎదురుగా కుర్చీలో కూర్చుని వున్నాడు. సాయంత్రానికి కార్డులు కావాలి. మా వాడు బస్సెక్కి బి.కొత్తకోట మీదుగా మదనపల్లె పోయి, ఇంకొకరి ప్రెస్సులో అచ్చు వేయించి, రాత్రి పదకొండు గంటలకు తిరిగి వచ్చాడు. డబ్బు పోతే పోయింది, వూళ్ళో మాట పోయింది.

మరునాడే మెకానిక్కును పిలిపించి మళ్ళీ విండోస్ 7 పెట్టించాడు. అంతటితో ఆగలేదు. "అప్‌డేట్ అనేదే రాకుండా చేసెయ్యప్పా" అని వాడిచేతనే దాన్ని మూయించాడు. నాకు ఫోను చేసి, "తలుపు మూసేసినానన్నా. ఇంగ ఎవురూ లోపలికి రాలేరు" అన్నాడు గర్వంగా.

నేనూ మెచ్చుకున్నాను. బడిపంతులు బుద్ధి, పాత పుస్తకమే మంచిదంటాను. ఆ మెచ్చుకోలు తలచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

2017 మే నెల 12వ తేదీ, శుక్రవారం. ఆ రోజు ప్రపంచంలో ఒక ఉపద్రవం పుట్టింది. దాని పేరు వన్నాక్రై. కంప్యూటరులో దూరి, వున్న ఫొటోలకూ కాగితాలకూ లెక్కలకూ తాళం వేసి, 300 డాలర్ల విలువగల బిట్‌కాయిన్ ఇస్తే గాని తియ్యనని తెరమీద ఎర్రటి కాగితం అంటించే వైరస్ అది. మూడు రోజులు దాటితే రేటు రెట్టింపు. వారం దాటితే ఇంక ఆశ వదులుకోమని బెదిరింపు. ఆ నోటీసును 28 భాషలలో చదువుకొనే సౌకర్యం కూడా కల్పించారు. తెలుగు మాత్రం లేదు! ఎవరూ ఏమీ నొక్కనక్కరలేకుండా, ఒక కంప్యూటరు నుంచి తీగ వెంట ఇంకొకదానికి అదే ప్రాకిపోయింది. నాలుగైదు రోజులలో 150 దేశాలలో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు దాని వాతబడ్డాయి. ఇంగ్లండులో 236 ప్రభుత్వ ఆసుపత్రి ట్రస్టులలో 80కి తక్కువ కాకుండా చిక్కులో పడ్డాయి. ఆపరేషన్లు వాయిదా పడ్డాయి.

ఇంగ్లండు సంగతి మనకెందుకంటారా? మన రాష్ట్రంలో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల పోలీసు కంప్యూటర్లు కొన్ని దెబ్బతిన్నాయి. దొంగల్ని పట్టేవారి యింటికే దొంగ వచ్చాడని అప్పట్లో నలుగురూ నవ్వుకున్నారు. ఆనాడు మా మండలం చిత్తూరు జిల్లాలోనే వుండేది. సోమవారం పొద్దున మా తమ్ముడు అంగడి తలుపు తెరిచేసరికి, ఆ ఎర్రటి కాగితం మూడు తెరలమీదా వుంది.

డబ్బు కట్టలేదు. కట్టినా వస్తాయన్న నమ్మకం లేదని పోలీసులూ నిపుణులూ అప్పుడే చెప్పారు. మెకానిక్కు అన్నీ తుడిచేసి మళ్ళీ మొదటినుంచి పెట్టాడు. శుభలేఖల నమూనాలు పోయాయి, మళ్ళీ చేసుకున్నాడు. దరఖాస్తులు పోయాయి, జనం మళ్ళీ వ్రాసుకున్నారు. నాలుగు రోజుల వ్యాపారం పోయింది. పోతే పోయింది అనుకున్నాడు.

రెండు నెలలు గడిచాక, వానలు మొదలైన రోజుల్లో, ఒక ముసలమ్మ వచ్చింది. పక్క పల్లె. ఏడాది క్రితం భర్త చనిపోతే, ఎప్పటిదో చిన్న ఫొటో తెచ్చి, మా వాడిచేత పెద్దది చేయించుకుని పటం కట్టించుకుంది. వానకు యింటి కప్పు కారి పటమూ, పటం వెనుక దాచుకున్న చిన్న ఫొటో రెండూ పాడైపోయాయి.

"నాయనా, మా ఆయన పటం తడిసిపోయిందప్పా. నీ మిషన్లో వుంటుంది గదా. ఇంగొకటి తీసియ్యి" అన్నది.

మా తమ్ముడు నాకు ఆ రాత్రి ఫోను చేసి ఈ మాట చెప్పి, తరువాత చాలాసేపు మాట్లాడలేదు. నలభయ్యేళ్ళుగా వాణ్ణి ఎరుగుదును. పెళ్ళికూతురి తండ్రి నలుగురిలో తిట్టినప్పుడు కూడా వాడు అలా మూగపోలేదు.

అప్పుడు మా మనవరాలు బెంగుళూరులో ఇంజనీరింగు చదువుతూ సెలవులకు వచ్చివుంది. సంగతి విని, "తాతా, చిన్నతాతకు చెప్పకండి, బాధపడతాడు. ఆ వైరస్ వచ్చిన దారిని మార్చి 14వ తేదీనే మూసేశారు. కంపెనీవాళ్ళు అతుకు పంపించారు. మే 12 వరకూ 59 రోజులు గడువుంది. చిన్నతాత దాన్ని కూడా రానివ్వలేదు" అన్నది.

"రానిస్తే మళ్ళీ రంగులు మార్చి, అక్షరాలు మింగేస్తుందిగా?" అన్నాను.

అప్పుడు దాన్ని కూర్చోబెట్టి పాఠం చెప్పించుకున్నాను. నాకర్థమైనంతవరకు మీకూ చెబుతాను.

అప్‌డేట్ అన్న ఒక్క మాటకింద రెండు వేరు వేరు పనులున్నాయి. ఒకటి మార్పు: కొత్త రంగు, కొత్త సదుపాయం, కొత్త అంతస్తు. రెండవది మరమ్మత్తు: లోపల ఎక్కడో కనబడిన రంధ్రాన్ని పూడ్చటం. దీన్నే సెక్యూరిటీ అప్‌డేట్ అంటారు. ఆపరేటింగ్ సిస్టమ్‌లో కోట్ల వరుసల వ్రాత వుంటుంది. మనుషులు వ్రాసినదే కనుక తప్పులుంటాయి. కొన్ని తప్పులగుండా దొంగ లోపలికి దూరగలడు. అవి బయటపడినకొద్దీ పూడుస్తూ వుండాలి. విండోస్ విషయంలో 2003 అక్టోబరు నుంచి నెల నెలా రెండవ మంగళవారం ఈ మరమ్మత్తులు విడుదల చేసే ఆనవాయితీ వుంది. మనకు అవి అందేసరికి మంగళవారం పొద్దుపోతుంది.

ఇంకొక తమాషా వినండి. 2016 అక్టోబరు నుంచి విండోస్ 7 వారికి కంపెనీవారు రెండు రకాల మూటలు కట్టసాగారు. ఒక మూటలో అన్ని సవరణలూ, పాత నెలలవి కూడా కలిపి వుంటాయి. రెండవ మూటలో ఆ నెల భద్రతకు సంబంధించిన మరమ్మత్తులు మాత్రమే వుంటాయి; అది కావలసినవారు కంపెనీవారి కాటలాగులోకి వెళ్ళి వెతికి తెచ్చుకోవాలి. 2017 మార్చిలో వచ్చిన ఆ రెండవ మూట నెంబరు కె.బి.4012212. అది శుభలేఖల అక్షరాల జోలికి పోయేది కాదు. విండోస్ 7ను విండోస్ 10గా మార్చేదీ కాదు. మా వాడు అడగవలసిన వస్తువు అచ్చంగా అదే. అటువంటిది ఒకటి వుందని వాడికెవరూ చెప్పలేదు, వాడెవరినీ అడగలేదు.

ఇది అర్థం కావటానికి నాకు మా వూరి పేరే సాయపడింది. ఎక్కడ సముద్రం, ఎక్కడ పెద్దతిప్పసముద్రం! మా సీమలో చెరువునే సముద్రమనీ సాగరమనీ పిలుచుకోవటం పూర్వపు రాజుల కాలంనాటి అలవాటు. వానలు కొద్ది కనుక చెరువే సముద్రం. ఆ చెరువులు తవ్వించి బాగుచేసేవారికి దశబంధం మాన్యాలని పొలాలు ఇచ్చేవారు. వూరివారంతా వానలకు ముందు కట్టమీదికి పోయి, కంపలు కొట్టి, మట్టివేసి చక్కచేసే పనిని కుడిమరమ్మత్తు అనేవారు.

పెద్ద చెరువుకు ఒక్కొక్కసారి గండి పడేది దేనివల్ల? ఎండ్రకాయ తొలిచిన బొరియవల్ల. మొదట వేలు దూరేంత. నీరు అందులోంచి చెమ్మగా వస్తుంది, తరువాత ధారగా వస్తుంది, ఒక రాత్రికి కట్టే కొట్టుకుపోతుంది. కట్టకు కాపలా వున్నవాడు చేయవలసినదల్లా ఆ బొరియ కనబడినరోజే మట్టిపెట్టి మెత్తటం. తూము మార్చనక్కరలేదు, మొరవ ఎత్తు పెంచనక్కరలేదు. తూము మారిస్తే కింది మళ్ళకు నీరు ఎక్కుతుందో ఎక్కదో, రైతులు గోల పెడతారు. ఆ గోలకు భయపడి, "ఈ కట్టమీదికి ఎవరూ పార పట్టుకు రావద్దు" అని శాసనం చేస్తే ఏమవుతుంది? మా తమ్ముడు చేసింది అదే. మార్పు మీది కోపంతో మరమ్మత్తును కూడా మానేశాడు.

అయితే వాడి కోపాన్ని నేను తప్పుపట్టను. మార్పుల వల్ల కష్టాలు రావన్నవాడు అంగడి నడిపినవాడు కాడు. 2018 అక్టోబరు 2న విండోస్ 10కు ఒక పెద్ద మార్పు విడుదలైంది. కొందరి కంప్యూటర్లలో అది వారి సొంత ఫైళ్ళనే తుడిచేసింది. నాలుగు రోజులలో కంపెనీవారే దాని పంపిణీ ఆపి, తప్పు దిద్దుకుని, నవంబరు 13న మళ్ళీ విడుదల చేశారు. కొత్తదానికి ముందుగా ఎగబడినవాడు నష్టపోయాడు. ఆ నెల మరమ్మత్తులతో సరిపెట్టుకుని కూర్చున్నవాడికి ఏమీ కాలేదు.

మరమ్మత్తు మూట కూడా ఒక్కొక్కసారి కొంప ముంచుతుంది. 2018 జనవరిలో ప్రాసెసర్లలో బయటపడిన లోపాలను కప్పటానికి పంపిన భద్రతా మరమ్మత్తు, కొన్ని పాత ఏ.ఎం.డి. కంప్యూటర్లను లేవకుండా చేసింది. కంపెనీవారు వాటికి దాన్ని పంపటం కొన్నాళ్ళు ఆపారు. ఇక 2024 జూలై 19 సంగతి మీకు జ్ఞాపకం వుండేవుంటుంది. అది విండోస్ అప్‌డేట్ కాదు. క్రౌడ్‌స్ట్రైక్ అనే కాపలా సాఫ్ట్‌వేర్‌కు వచ్చిన ఒక చిన్న ఫైలు. అందులోని తప్పువల్ల 85 లక్షల కంప్యూటర్లు నీలితెర వేసుకుని పడుకున్నాయి. హైదరాబాదు విమానాశ్రయంలో చేతివ్రాతతో బోర్డింగ్ పాసులు ఇచ్చారు. ఆ రోజు మా తమ్ముడు ఫోను చేసి, "చూసినావా అన్నా? అప్‌డేట్ వేసుకున్నోళ్ళ గతి చూసినావా?" అన్నాడు.

"చూశాను. అయితే ఒక లెక్క చెప్పు. విమానం ఎక్కవలసినవాళ్ళు ఆలస్యంగానైనా ఎక్కారు. కంప్యూటర్లు ఒక్కొక్కటిగా బాగయ్యాయి. ఆ ముసలమ్మ ఫొటో వచ్చిందా?" అన్నాను.

అనకుండా వుండవలసింది. కాని లెక్క అదే. మరమ్మత్తు చెడితే రెండు రోజుల పని పోతుంది. మరమ్మత్తు లేక దొంగ వస్తే, పోయినది తిరిగి రాదు.

"మరి కొత్త అంతస్తుల గోల లేకుండా, ఉన్న యిల్లు వున్నట్టే వుంచి, బొరియలు మాత్రం పూడ్చే మేస్త్రీలు లేరా?" అని మనవరాలిని అడిగాను.

వున్నారట. లినక్స్ అనే ఉచిత వ్యవస్థలో డెబియన్ అని ఒక శాఖ వుంది. దాని పద్ధతే అది. స్థిరమైన సంచిక ఒకటి విడుదల చేశాక, మామూలుగా అందులో వస్తువుల రూపం మార్చరు. ఎక్కడైనా లోపం బయటపడితే, కొత్త సంచికలోని ఆ చిన్న సవరణను మాత్రం విప్పి తెచ్చి, పాతదానికి కుట్టిపెడతారు. నాకు రఫ్ఫు కుట్టేవాళ్ళు గుర్తుకు వచ్చారు. మదనపల్లె పట్టుచీరకు కొక్కెం తగిలి చిరిగితే, మన ఆడవాళ్ళు కొత్త చీర కొంటారా? అదే రంగు దారంతో రఫ్ఫు చేయించుకుంటారు. 2014 ఏప్రిల్ 7న హార్ట్‌బ్లీడ్ అన్న పెద్ద లోపం బయటపడింది. బ్యాంకు గుట్టు, ఉత్తరాల గుట్టు కాపాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే పరికరంలోనే రంధ్రం. దాన్ని తయారుచేసినవారు 1.0.1జి అని కొత్త సంచిక తెచ్చారు. డెబియన్‌వారు తమ 1.0.1ఇ సంచికను అలాగే వుంచి, ఆ ఒక్క రంధ్రాన్ని ఆ రోజే కుట్టేశారు. పైకి చూస్తే పాత నెంబరే, చివర చిన్న తోక మాత్రం పెరిగింది. నెంబరు పాతదైనంత మాత్రాన చీర చిరిగివుందనుకోకూడదు.

మన సి-డాక్ వారు 2007లో విడుదల చేసిన 'బాస్' అనే భారతీయ లినక్స్ కూడా ఈ డెబియన్ పునాదిమీద కట్టినదే. ఉబుంటు అన్నది ఇంకొక శాఖ. అందులో దీర్ఘకాలపు సంచిక పెట్టుకుంటే మామూలుగా అయిదేళ్ళు సేవ వుంటుంది. భద్రతా మరమ్మత్తులను మాత్రం అడగకుండానే తనంతట తానే వేసుకొనే ఏర్పాటు కూడా వుంది.

ఇంత చెప్పాక, రెండో వైపు కూడా చెప్పకపోతే బాగుండదు. భద్రతా మరమ్మత్తులు మాత్రమే పుచ్చుకుంటానన్నవాడికి మూడు చిక్కులున్నాయి.

మొదటిది: ఏది భద్రత, ఏది మామూలు తప్పు అన్నది ఎవరో ఒకరు నిర్ణయించాలి. ఈవేళ మామూలు తప్పనుకున్నది, రేపు దొంగచేతిలో తాళంచెవి కావచ్చు. లినక్స్ లోపలి భాగం వ్రాసేవారు ఎన్నాళ్ళుగానో ఈ మాటే చెబుతున్నారు. కనుక కొంత లోటు వుండనే వుంటుంది.

రెండవది: ఒక నెల మూట తప్పితే, ఆ నెల బొరియ అలాగే వుండిపోవచ్చు. విండోస్ 7 భద్రతా మూటలలో పాత నెలలవి కలిపేవారు కాదని ముందే చెప్పాను. ఏ నెలకానెల తీసుకోవలసిందే. సంక్రాంతి ముగ్గులాంటిది కాదిది, రోజూ వాకిట్లో చల్లే కళ్ళాపిలాంటిది.

మూడవది అన్నిటికంటె పెద్దది: మేస్త్రీ ఎల్లకాలం రాడు. విండోస్ ఎక్స్‌పికి 2014 ఏప్రిల్ 8తో మరమ్మత్తులు ఆగిపోయాయి. వన్నాక్రై వచ్చిన మరునాడు, 2017 మే 13న, జాలిపడి దానికి కూడా ఒక అతుకు ఇచ్చారు గాని, అటువంటి జాలి ప్రతిసారీ దొరకదు. విండోస్ 7కు మామూలు సేవ 2020 జనవరి 14తో సరి. విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో సరి. మా తమ్ముడి తెరమీద కనిపించే రిటైరుమెంటు కాగితం అదే. ఈసారి కంపెనీవారు ఇళ్ళలో వాడుకొనేవారికి ఒక వెసులుబాటు ఇచ్చారు. మైక్రోసాఫ్టు ఖాతాతో నమోదు చేసుకుంటే, కొత్త సదుపాయాలేవీ లేకుండా భద్రతా మరమ్మత్తులు మాత్రమే ఇస్తామన్నారు. 2025లో వారు చెప్పిన గడువు 2026 అక్టోబరు 13. అంటే మా వాడు 2016లో కోరుకున్న వరం ఇన్నాళ్ళకు వాడి గుమ్మంలోకి వచ్చింది! ఒక సంవత్సరానికే అనుకోండి. ఆ సంవత్సరం, కొత్త యిల్లు చూసుకోవటానికి ఇచ్చిన వ్యవధి.

కనుక నేను వాడికి చెప్పిన సలహా ఇది. శుభలేఖల అక్షరాలున్న పాత కంప్యూటరుకు ఇంటర్నెట్టు తీగ కోసెయ్యి. వూరికి దూరంగా వున్న చెరువుకు దొంగ రాడు. దానిలో పెట్టే పెన్‌డ్రైవు మాత్రం చూసి పెట్టు. రెండవ కంప్యూటరుకు ఆ సంవత్సరపు మరమ్మత్తులకు నమోదు చెయ్యి. మూడవదానిలో ఉబుంటు పెట్టించి, దరఖాస్తుల పనంతా దానిలో చెయ్యి. మరమ్మత్తు వచ్చినవెంటనే వద్దనుకుంటే ఒక రోజు ఆగు, రెండు రోజులు ఆగు. రెండు నెలలు ఆగకు. అన్నిటికంటె ముందు, జనం నమ్మి ఇచ్చిన ఫొటోలనూ కాగితాలనూ ఇంకొక డిస్కులోకి నకలు తీసి, తీగ పీకి, బీరువాలో పెట్టు. మరమ్మత్తు చెడినా, దొంగ వచ్చినా, కప్పు కారినా అది నిన్ను కాపాడుతుంది.

చదువుతున్నవారికి కూడా ఒక మాట. మీ ఫోనులో సెట్టింగ్సు తెరచి చూడండి. ఆండ్రాయిడ్ ఫోనైతే 'సెక్యూరిటీ అప్‌డేట్' అనో 'ప్యాచ్ లెవెల్' అనో ఒక తేదీ వుంటుంది. 2015 ఆగస్టు నుంచి గూగుల్‌వారు నెల నెలా ఈ మరమ్మత్తుల పట్టిక ప్రకటిస్తున్నారు. ఆ తేదీ మీ ఫోను కట్టమీద చివరిసారి పార పడ్డ రోజు. అది ఏడాది రెండేళ్ళ వెనకటిదయితే, ఆ ఫోనులో బ్యాంకు లావాదేవీలు పెట్టుకోవచ్చునా అని ఇంట్లో నలుగురూ కూర్చుని ఆలోచించండి. కొత్త ఫోను కొనేటప్పుడు కెమెరా ఎంత అని అడుగుతాము, ధర ఎంత అని అడుగుతాము. మరమ్మత్తులు ఎన్నేళ్ళు వస్తాయి అని కూడా అడగండి. అంగడివాడు తెల్లమొహం వేస్తే వేయనివ్వండి.

మా తమ్ముడు అన్నీ విని, "సరేన్నా. అయితే మంగళవారం పూట మంచి పని మొదలుపెట్టేది యాడన్నా వుందా?" అన్నాడు.

"వాళ్ళు విడుదల చేసేది మంగళవారం రాత్రి. నువ్వు వేసుకొనేది బుధవారం పొద్దున. బుధవారం మంచిదేగా!" అన్నాను. వాడు కాలెండరులో నెల నెలా రెండవ మంగళవారానికి మరునాడు ఎర్రసిరాతో సున్నా చుట్టుకున్నాడు.

ఇక ఆ ముసలమ్మ సంగతి. ఆమె తన భర్త వోటరు కార్డు దాచుకుని వుంది. అందులోని తపాలాబిళ్ళంత బొమ్మనే మా వాడు పెద్దది చేసి పటం కట్టించి ఇచ్చాడు. ముఖం మసకమసకగా వచ్చింది. ఆమె చాలాసేపు చూసి, "ఈయన మా ఆయన మాదిరే వుండాడు" అన్నదట. డబ్బులివ్వబోతే మా తమ్ముడు పుచ్చుకోలేదు.

తాళం పడిన ఆ పాత ఫైలును మాత్రం వాడు తుడిపించలేదు. మెకానిక్కు చేత ఒక డిస్కులో విడిగా పెట్టించుకున్నాడు. ఎప్పటికైనా ఎవరైనా తాళంచెవి కనిపెడతారని వాడి ఆశ. ఇన్నేళ్ళయినా బీరువాలో అలాగే వుంది.